మాటలమింగి కోటలో పక్షివిశేషం

కోట గుమ్మంలో కూర్చున్న రాతి యాళి నోరు తెరిచి ఆవులించింది. ఏనుగు తొండం, సింహం పళ్ళు ఉన్న ఆ నోట్లో ఇరవైమూడు తలపాగాలు కనిపించాయి. తలపాగాలే. వాటి కింద ఉండాల్సిన పండితులు లేరు.

నాంచారి తన తలపాగా ఒకసారి సర్దుకుంది. నిజానికి అది తలపాగా కాదు, ఎద్దుల మీద కప్పే మూడు బారల బట్ట. దాని లోపల మోకాళ్ళ దాకా వచ్చే జడ చుట్టగా చుట్టి దాక్కుంది. నుదుట విభూతి, భుజాన సంచి, చంకలో పట్టుగుడ్డ చుట్టిన తాటాకుల కట్ట. ఆ కట్ట విప్పితే ఏదో శాస్త్రం బయటపడుతుందని ఆశపడకండి. విరిగిపోయిన విసనకర్రల ఆకులు.

"ఎవరివి?" అంది యాళి.

"లవణభట్టును."

"ఏ శాస్త్రం చదివావు?"

"లవణశాస్త్రం."

యాళి కాసేపు ఆలోచించింది. అలాంటి శాస్త్రం ఒకటుందని దానికి తెలియదు. తెలియదని ఒప్పుకుంటే గుమ్మంలో కూర్చునే ఉద్యోగానికి పరువు తక్కువ. "బాగు బాగు" అని తల ఊపింది.

పొద్దు పడమటికి రెండు బారల దూరంలో ఉంది. కొండ కింద నుంచి ఒక ముసలి గొంతు సన్నగా వినిపించింది: "నాంచారీ!"

అది విని నాంచారి కాళ్ళు నిలవలేదు. "అడిగేదేదో త్వరగా అడుగు తల్లీ" అంది.

ఆ గొంతు ఎవరిదో, ఆ తొందరేమిటో చెప్పకుండా నడిస్తే మీరు నన్ను తిట్టుకుంటారు. యాళి నోరు తెరిచే లోపల చెప్పేస్తాను.

కడలిపాలెం నుంచి వింజామర రాజ్యానికి ఎనభై ఎద్దుల మీద ఉప్పు మోసుకెళ్ళే బిడారు ఒకటుంది. దాని పెద్ద ఓబన్న. నాంచారి అతని ఒక్కగానొక్క కూతురు. బిడారులో పుట్టినవాళ్ళకి బడీ లేదు, పలకా లేదు. పొద్దున ఎద్దు కదిలిన దగ్గర నుంచి మధ్యాహ్నం మజిలీ దాకా దారి పొడుగునా ఒకటే ఆట, గొలుసుమాట. ఒకరు ఒక మాట అంటారు. దాని చివరి అక్షరంతో రెండోవాడు ఇంకో మాట అందుకోవాలి. గుణింతం ఏదైనా సరే. చివర సున్న వస్తే 'మ' కింద లెక్క. ఇంతవరకు మీకూ తెలిసిందే. బిడారులో ఇంకో కట్టుబాటుంది. మాట అంటే చాలదు, చూపాలి. ముట్టుకోవాలి, లేకపోతే వేలు పెట్టి చూపాలి. చూపని మాట చెల్లదు. అలా ఆడీ ఆడీ నాంచారి ఆరేళ్ళు నిండేసరికి పలుపు, పగ్గం, మోకు, చేంతాడు, తలుగు, దామెన అంటూ తాళ్ళకే పందొమ్మిది పేర్లు నేర్చింది. ఏ పేరు ఏ తాడుదో కళ్ళు మూసుకుని చేత్తో తడిమి చెప్పేది.

ఆ కట్టుబాటుకు ఒక మినహాయింపుంది. అతిథి ఆటకు కూర్చుంటే మాత్రం "ఏదీ చూపించు" అని అడగకూడదు. మన సంకటి తిన్న మనిషి మాటను అనుమానించినట్టవుతుందట. కొంప ముంచింది అదే.

ఏడు రోజుల కిందట మజిలీకి ఒక సన్యాసి వచ్చాడు. మూడు ముద్దల రాగిసంకటి తిన్నాడు. గొలుసుమాట ఆడదామన్నాడు.

"ఓడితే ఏమిస్తావు ఓబన్నా?"

"ఎద్దును కోరుకో, ఉప్పు కోరుకో స్వామీ."

"అవెందుకు? నీ నోట్లో ఉన్నవి చాలు."

"నోట్లోనా? వక్కపలుకుంది. దానికి పందెమెందుకు, ఇప్పుడే తీసుకో!" అని ఓబన్న పకపక నవ్వాడు.

ఆ సన్యాసి ఎప్పుడూ ఎవరూ వినని మాటలు అన్నాడు. అవి ఉన్నాయో లేవో అడగడానికి లేదు, అతిథి. పన్నెండో మాటకి ఓబన్న ఓడిపోయాడు. అప్పుడు సన్యాసి గడ్డం ఊడదీసి నవ్వితే తెలిసింది, వాడు పదగ్రాసుడు. తాటాకు కొండ మీద కోట కట్టుకుని లోకంలో మాటలన్నీ మింగుతూ కూర్చున్న మాయావి. జనం వాడిని మాటలమింగి అంటారు. పేరెత్తితే తమ మాటలు ఎక్కడ పోతాయోనని అది కూడా మెల్లగానే అంటారు.

ఆ రోజు నుంచి ఓబన్న నోట్లో మాటలు ఒక్కొక్కటే లేచిపోయాయి. మొదటి రోజు ఊళ్ళ పేర్లు. రెండో రోజు తిండి పేర్లు. సంకటి కావాలంటే వేలితో చూపాడు. మూడో రోజు తాళ్ళ పేర్లు పోయాయి. ఆ రోజు ముసలివాడు ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చాడు. ఆరో రోజుకి 'ఊఁ', 'ఉహూఁ' కూడా పోయాయి. ఏడో రోజు పొద్దునకి ఒకే మాట మిగిలింది. కూతురి పేరు. దాహమేసినా "నాంచారీ". దోమ కుట్టినా "నాంచారీ". ఎద్దు కాలు తొక్కితే తిట్టడానికి కూడా "నాంచారీ!"

ఏడో రోజు పొద్దు గుంకగానే ఆ ఆఖరి మాట కూడా లేచి వెళ్ళి మాటలమింగి జాడీలో పడుతుంది. పడగానే మూత దానంతటదే అతుక్కుంటుంది. ఆ పైన పిడుగు పడినా ఊడదు. అదీ తొందర.

యాళి గొంతు సవరించుకుంది. "విను, లవణభట్టూ. మెడకు తాడు, మొలలోతు మడుగు. అటు లాగితే ఇటు తిరుగుతాడు, ఇటు లాగితే అటు తిరుగుతాడు. తిరిగి తిరిగి తెల్లముద్ద తేలుస్తాడు. ఎవడు వాడు?"

"ఇరవైమంది పైగా దీనికా పోయింది?" అంది నాంచారి కళ్ళు పెద్దవి చేసి.

"అందరూ మందర పర్వతమన్నారు. పాలసముద్రమన్నారు. శ్లోకాలు కూడా చదివారు పాపం."

"కవ్వం! పొద్దున్నే ఏ ఇంటి వెనక్కి వెళ్ళినా కనిపిస్తుంది. వాళ్ళెవరూ మజ్జిగ తాగలేదా?"

"తాగారు. చిలకలేదు" అని యాళి పక్కకి జరిగింది.

లోపల అడుగు పెట్టగానే కళ్ళు జిగేల్‌మన్నాయి. గోడలన్నీ తాళపత్రాలే. ఇటుకల బదులు గ్రంథాలు పేర్చి, సున్నం బదులు చందనం మెత్తారు. స్తంభాలకి గంటాలు మేకులు. పైకప్పు నుంచి పట్టుదారాల గుత్తులు వేలాడుతున్నాయి, ఒక్కో గుత్తికి నూరేసి ఆకులు. గాలి వీస్తే కోటంతా చెవిలో గుసగుసలాడుతున్నట్టు గలగలమంటోంది. నేల మీద నల్లరాయి, నల్లరాయి మీద బంగారు అక్షరాలు. అవి కదులుతున్నాయి! చీమల బారులా వంకరలు తిరుగుతూ వచ్చి పాదాల ముందు వరసలు కడుతున్నాయి.

ఆ బారుకి అటూ ఇటూ ముగ్గురు నలుగురు రాజకుమారులు వంగి నిలబడి ఉన్నారు. కిరీటాలకి బూజు, గడ్డాలు మోకాళ్ళకి. కళ్ళు మాత్రం ఎడమ నుంచి కుడికి, ఎడమ నుంచి కుడికి. సంగతేమిటంటే ఆ అక్షరాలు చదవడం మొదలుపెట్టినవాడు ఆపలేడు, ఆ వాక్యానికి చివర లేదు.

నాంచారికి చదువు రాదు గదా! ముగ్గుల మీద నడిచినట్టు టకటకా నడిచి వెళ్ళిపోయింది. అక్షరాలు నొచ్చుకున్నాయి. రెండు 'ఱ'లు కాలి బొటనవేలు కరిచాయి కూడా. విదిలించి కొట్టింది.

కొలువుకూటంలో మాటలమింగి కూర్చున్నాడు. మనిషి సన్నం, పొట్ట మాత్రం కొలిమి తిత్తిలా ఉబ్బి ఉంది. అన్నం వల్ల కాదు, మాటల వల్ల. వాడు కదిలితే లోపల నిఘంటువులు ఒరుసుకున్న చప్పుడు. వెనక అరల్లో వరసగా జాడీలు, అన్నీ అతుక్కుపోయినవే. ఒక్కటి మాత్రం మూత తెరుచుకుని వాడి నడుముకి తాడుతో వేలాడుతోంది. ఊరగాయ జాడీ అంత. నాంచారి చూపు దాని మీద నుంచి లేవలేదు.

"పండితోత్తమా, సుస్వాగతం! తమ శాస్త్రమేదో నా ఉదరమునందు లేనట్టున్నది. క్రీడింతమా?"

"దానికే వచ్చాను. నేను గెలిస్తే ఆ జాడీ నాది. ఓడితే నా మాటలన్నీ నీవి, ఏడు రోజులు ఆగక్కర్లేదు."

మాటలమింగి పెదవులు తడుపుకున్నాడు.

"ఒక్క మాట" అంది నాంచారి. "మా వైపు ఈ ఆట ఇంకోలా ఆడతారు. మాట అనగానే ఆ వస్తువు చూపాలి. అతిథిని అడగకూడదు గానీ, ఇంటాయన్ని అడగొచ్చు. ఇవాళ నేను అతిథిని, మీరు ఇంటాయన. పైగా నేనూ చూపిస్తాను, నాకేం బెరుకు లేదు. మీకు చేతకాదంటే చెప్పండి, మామూలుగానే ఆడదాం."

"నాకు చేతకాదా! పలికిన పదమును పదార్థముగా సృజింపగల నాకు! ఓయీ సాక్షిగంటా, విన్నావా?"

కప్పుకు వేలాడుతున్న కంచుగంట ఒక్కసారి ఊగింది. మాటలమింగి గురువు పోతపోసిన గంట అది. ఆటలో ఎవరు ఓడితే వాళ్ళ వైపు తిరిగి మోగుతుంది. మాయావిని కూడా వదలదు. దాని పక్కనే కప్పు నుంచి నీటిబొట్టు ఒకటి జారింది. మూడో బొట్టు పడే లోపల మాట చెప్పాలి.

"సింహాసనము!" అన్నాడు మాటలమింగి చిటికె వేసి. నేల చీల్చుకుని ఎనిమిది సింహాలు మోస్తున్న బంగారు సింహాసనం లేచింది.

"మువ్వ." నాంచారి సంచిలోంచి ఎద్దు మెడలో మువ్వ తీసి మోగించింది.

"వజ్రకవచము!" ధగధగా ఒక కవచం గాలిలో నిలబడింది.

"ముకుతాడు."

"డమరువు!" డమడమ మోగుతూ డమరువు దొర్లింది.

"వెల్లుల్లి." సంచి అడుగున చద్దిమూటలోంచి రెండు రెబ్బలు తీసి చూపింది.

మాటలమింగి ముక్కుపుటాలు అదిరాయి. "వెల్లుల్లియా? పండితుని సంచిలోనా? ఏ అగ్రహారపు పండితుడు వెల్లుల్లి మూటగట్టుకుని తిరుగును?" చేయి చాచి ఊదాడు. తలపాగా ఎగిరిపోయింది. జడ జారి మోకాళ్ళను తాకింది.

"ఓహో! ఉప్పుమోసే వాడి పిల్లవా!"

"అవును, ఆ ఉప్పు తిన్నవాడివే నువ్వు. సంకటిలో వేసింది నేనే. మాట చెప్పు, రెండో బొట్టు పడింది."

"లేడి!" అని పళ్ళికిలించాడు. బంగారు చుక్కల లేడి కూటంలో గంతులేసింది. "ఊఁ, మరల డకారమే! వెదకుకొనుము."

నాంచారి సంచి కుమ్మరించింది. ఉప్పుగల్లు, చెకుముకి రాయి, దబ్బనం, రాగిపిండి. 'డ'తో ఏదీ లేదు. డప్పు మజిలీలో ఉంది. డేరా లేదు. మొదటి బొట్టు టప్పుమంది. కిటికీలోంచి పొద్దు కొండ అంచుకి బెత్తెడు పైన కనిపించింది. కింద నుంచి "నాంచారీ... నాంచారీ..." ముసలివాడికి అర్థమైనట్టుంది, ఉన్న ఒక్క మాటనూ ఉన్నంతసేపూ వాడుకుంటున్నాడు. రెండో బొట్టు.

సరిగ్గా అప్పుడు ఆమె కడుపు గుర్రుమంది. నాయన సంగతితో రెండు రోజులుగా ముద్ద దిగలేదు.

"డొక్క!" అని అరిచి రెండు చేతులతో పక్కలు నొక్కి చూపింది. "కావాలంటే ఎముకలు లెక్కపెట్టుకో!"

మూడో బొట్టు జారబోయి ఆగింది. గంట మోగలేదు.

మాటలమింగికి ఒళ్ళు మండింది. మామూలు మాటలతో ఈ పిల్లను పడగొట్టలేనని, పొట్టలో లోతుగా చెయ్యి పెట్టి ఒక బరువైన మాట లాగాడు.

"కారండవము!"

చిటికె వేశాడు. కూటం మధ్యలో పొగ లేచింది. పొగ విడిపోయేసరికి అక్కడొక... ఏమనాలి? పిట్టే. రెక్కలున్నాయి. ముక్కు ఉండాల్సిన చోట ముక్కులాంటిదేదో ఉంది. రంగు చూద్దామంటే కంటికి ఆనదు. మెడ పొడుగో పొట్టో తేలదు. కాళ్ళు ఉన్నాయి గానీ నీళ్ళ పిట్ట కాళ్ళో, చెట్టు పిట్ట కాళ్ళో! కలలో చూసి పొద్దున్నే మర్చిపోయిన పిట్టలా ఉంది. ఏనుగంత ఉంది, అది మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. మాయావికి ఎంత ఉండాలో కూడా తెలియదన్నమాట.

"ఇదేం పిట్ట?" అంది నాంచారి.

"కారండవము."

"పేరు కాదయ్యా. ఇది ఎలా ఉంటుంది? ఏం తింటుంది? ఎక్కడ పెడుతుంది గుడ్లు?"

మాటలమింగి కళ్ళు మూసుకుని పొట్టలో పుట తిప్పాడు. తిప్పిన చప్పుడు బయటికి వినిపించింది. "కారండవము... పక్షివిశేషము."

"ఏ విశేషం?"

"పక్షివిశేషమనిన, ఒకానొక పక్షి!"

"ఆ ఒకానొకటి ఏదని! ముక్కు పొట్టిదా?"

అని అడిగిందో లేదో, ఆ పిట్ట ముక్కు సర్రున లోపలికి పోయి పొట్టిదైంది.

"పొడుగుదా?"

బారెడు బయటికి వచ్చింది. పిట్ట ఆమె వైపు ఆశగా చూసింది. నువ్వైనా చెప్పు తల్లీ, నేనెవరినో, అన్నట్టుంది ఆ చూపు. నాంచారి ఆ చూపు గమనించి మనసులో పెట్టుకుంది.

"మడుగుల దగ్గర మా బిడారు ఆగినప్పుడు ఎన్నో పిట్టల్ని చూశాను. ఇలాంటిది లేదు. ఎందుకంటే ఇది ఏదీ కాదు. పేరు మింగావు, పిట్టను ఎన్నడూ చూడలేదు. చూపని మాట చెల్లదు!"

"గ్రంథమునందు ఉన్నదంతయు చూపితిని! అంతకన్న లేదు! రాసినవాడే అంతటితో ముగించెను, నా తప్పేమి?"

టప్పు. టప్పు. టప్పు.

గంట మెల్లగా, చాలా మెల్లగా, మాటలమింగి వైపు తిరిగింది. ఖంగున మోగింది. అరల్లో జాడీలు వణికాయి.

నాంచారి చెయ్యి చాపింది. "జాడీ."

మాటలమింగి ఇస్తాడనుకున్నారా? ఇచ్చే రకమైతే ఆ పొట్ట అలా ఎందుకుంటుంది? ఒక్క గెంతులో ఆ పిట్ట వీపు మీదికెక్కి మడమలతో పొడిచాడు. ఏ పిట్టో తేలకపోయినా ఎగరడం దానికి వచ్చు. పక్షివిశేషం గదా, రెక్కల వరకు స్పష్టమే. తాటాకు కప్పు చీల్చుకుని జువ్వున లేచింది. నాంచారి దాని కాలు ఒకటి దొరకబుచ్చుకుంది.

కింద కోట పోకచెక్కంత అయింది. గాలి చెవుల్లో ఈల. చిరిగిన గ్రంథాలు కాకుల గుంపులా చుట్టూ తిరిగాయి. పడమట పొద్దు కుంకుమ భరిణెలా కొండ అంచున ఆని నిలిచింది. లోయలో ఎనభై ఎద్దులు చిన్న చిన్న చుక్కలు, వాటి మధ్య తెల్లటి తలగుడ్డ ఒకటి పైకి చూస్తోంది.

"నాంచారీ!" అన్న కేక వచ్చింది. పొద్దు మునిగింది. కేక సగంలో తెగింది.

లోయలోంచి మిణుగురంత వెలుగు ఒకటి లేచింది. అది పైకి, ఇంకా పైకి, తిన్నగా మాటలమింగి నడుముకున్న జాడీ వైపు వస్తోంది. తండ్రి నోట్లో ఉండే ఆఖరి మాట. తన పేరు. చూస్తూ ఉంటే నాంచారి ఒళ్ళు జలదరించింది. అది జాడీలో పడితే మూత అతుక్కుంటుంది.

ఒక చేత్తో పిట్ట కాలు పట్టుకుని వేలాడుతూనే, రెండో చెయ్యి చాపి, పిట్ట వీపు మీంచి కిందికి జారి వేలాడుతున్న జాడీ మూతిని అరచేత్తో గట్టిగా మూసేసింది. మిణుగురు వచ్చి వేళ్ళకి కొట్టుకుంది. పక్కకి తిరిగింది. మళ్ళీ కొట్టుకుంది. వెచ్చగా ఉంది, నాయన చెయ్యి తగిలినట్టు.

"తీయుము చేయి!"

"తియ్యను!"

"అయినచో!" అని మాటలమింగి వంగి, నోరు బార్లా తెరిచి, ఆ వెలుగును గుటుక్కున మింగేశాడు.

నాంచారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఏడుపువో, కోపానివో తేల్చుకునే తీరికెక్కడిది? పిట్ట మబ్బుల్లోకి పోతోంది. ఇంకాస్త దూరం పోతే కింద ఉన్నది లోయ కాదు, ఏడు కొండల అవతల అగాధం. దిగాలి, ఇప్పుడే దిగాలి. తను పడినా సరే, జాడీ బిడారు దగ్గర పడాలి.

తలెత్తి పిట్టతో మాట కలిపింది.

"ఇదిగో పిట్టమ్మా, నువ్వెవరో నేను చెబుతాను వింటావా? నీ నెత్తిన ఎర్రటి జుట్టుంది."

పిట్ట నెత్తిన ఎర్రటి జుట్టు తటాలున మొలిచింది. పిట్టకి ఎంత సంతోషమో!

"వద్దు! వినకుము!" అని మాటలమింగి దాని చెవులు మూయబోయాడు. చెవులెక్కడున్నాయో పుస్తకంలో లేదు పాపం, వెతుక్కున్నాడు.

"గడ్డం కింద ఎర్రటి తోలు వేలాడుతుంది. తెల్లారితే పెంటకుప్ప గీకుతావు. నూకలు తింటావు. గుడ్డు పెట్టి ఊరంతా వినిపించేలా అరుస్తావు. గద్దను చూస్తే పిల్లల్ని రెక్కల కింద పొదుగుకుంటావు. నువ్వు కోడిపెట్టవు తల్లీ, కోడిపెట్టవు!"

"కొక్కొక్కొక్కో!" అంది అది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన గొంతు తను విని.

కోడే. ఏనుగంత కోడి. కానీ ఏనుగంత ఉన్నా కోడి కోడే గదా, మబ్బుల్లో దానికేం పని? రెక్కలు టపటపా కొట్టుకుంది. గింగిరాలు తిరిగింది. ముగ్గురూ కిందికి బయల్దేరారు. పడడానికి అంతసేపు పట్టిందా అని అడక్కండి, రాయి కాదు పడేది, రెక్కలున్న కోడి. దారిలో నాంచారి జాడీ తాడు పళ్ళతో కొరికేసింది. జాడీ జారింది. ముందు అదే వెళ్ళింది, తిన్నగా మజిలీలో పొయ్యిరాయి మీద పడి వెయ్యి ముక్కలైంది.

మాటలు బుస్సున లేచాయి. తేనెపట్టు కదిపినట్టు ఝుమ్మంటూ ఓబన్న చుట్టూ ముసిరి నోట్లోకీ చెవుల్లోకీ దూరాయి. ముసలివాడు ఒకసారి తూలాడు. గుటక వేశాడు. పైకి చూశాడు. కూతురు తాడిచెట్టంత ఎత్తున ఉంది.

"గంతలు!" అని గర్జించాడు. ఎద్దుల వీపున ఉప్పుబస్తాల కింద వేసే మెత్తటి పరుపుల్లాంటివి గంతలు. "గంతలు పరవండర్రా! ఎద్దుల్ని అవతలికి తోలండి! ఆ పలుపు కొయ్యండి, మోకు లాగండి, ఒకదాని మీద ఒకటి వెయ్యండి! చూస్తారేం, మీకూ మాటలు పోయాయా!"

ఏడు రోజుల తర్వాత పెద్దాయన గొంతు విన్న బిడారు ఎగిరి దూకింది. నలభై గంతలు క్షణంలో గుట్టయ్యాయి. నాంచారి వచ్చి వాటి మధ్యలో పూడిపోయింది. కోడి పక్కనే దిగి, రెక్కలు దులుపుకుని, పొయ్యి దగ్గర నూకలు చూసుకుంది. మాటలమింగి అదృష్టం బాగుండి అవతలి వాగు గట్టున వెదురుపొద మీద పడ్డాడు. పొద వంగి, మళ్ళీ లేచి, వాడిని అడవిలోకి విసిరేసింది.

ఓబన్న గంతలు తవ్వి కూతుర్ని బయటికి లాగాడు. ఒళ్ళంతా తడిమాడు. చెయ్యి విరగలేదు, కాలు విరగలేదు. ఇక మొదలుపెట్టాడు తిట్లు! బుద్ధిలేనిదానా, గాలికి పుట్టినదానా, కోటలో దూరడానికి నువ్వేమన్నా ఉడుమువా, పిట్ట కాలు పట్టుకు వేలాడడానికి నువ్వేమన్నా పేనువా. ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టలేదు. నాంచారి ఆ తిట్లన్నీ వానలో తడిసినట్టు తడుస్తూ నవ్వుతూ నిలబడింది.

"పందొమ్మిది తాళ్ళు చెప్పు నాయనా."

"పలుపు, పగ్గం, మోకు, చేంతాడు, తలుగు, దామెన..." గుక్కతిప్పుకోకుండా పందొమ్మిదీ చెప్పాడు. కడలిపాలెం నుంచి వింజామర దాకా ఊళ్ళన్నీ చెప్పాడు. సంకటి, ఊరుబిండి, పచ్చిపులుసు అన్నాడు. ఒక్కొక్క మాటా నాలుక మీద పెట్టుకుని చప్పరించాడు.

"సరే గానీ, ఇలా రావే..." అని చెయ్యి చాపాడు. ఆగాడు. "ఇలా రావే..."

నోరు తెరిచే ఉంది. దాంట్లోంచి ఏమీ రాలేదు.

ఓబన్న కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముక్కు చూశాడు, నుదుటి విభూతి చూశాడు. "నా బిడ్డవు. అది తెలుసు. పురిట్లో నిన్ను గంతలో చుట్టి ఈ చేతుల్తోనే ఎత్తుకున్నాను. చెవిలో మూడుసార్లు చెప్పాను. ఏమని చెప్పాను తల్లీ?"

ఆమె చెప్పింది. ముసలివాడు విన్నాడు. మళ్ళీ అనబోయాడు. విన్న మాట పెదవి దాకా రాలేదు, ఇసుకలో నీళ్ళలా ఇంకిపోయింది. ఇంకోసారి చెప్పింది. ఇంకోసారి ఇంకింది.

అప్పుడు వాగు అవతల అడవిలోంచి ఒక కేక వచ్చింది. బొంగురు గొంతు.

"నాంచారీ!"

ఎద్దులు చెవులు రిక్కించాయి. మాటలమింగి గొంతే. కోపంగా ఏదో తిట్టబోయినట్టున్నాడు. మళ్ళీ తెరిచాడు నోరు. "నాంచారీ! నాంచారీ!" వాడు మింగిన మాట పొట్టలోకి దిగలేదు, గొంతులో అడ్డం పడింది. ఇక వాడు దాహమన్నా అదే, అమ్మో అన్నా అదే. మంత్రం చదవబోయినా అదే వస్తుంది. కేక ఒక్కోసారికి ఒక్కో బార దూరమవుతోంది. పరుగెడుతున్నాడు.

నాంచారి జడ మళ్ళీ చుట్టగా చుట్టింది. తండ్రి తలగుడ్డ తీసి తన తలకు కట్టుకుంది. సంచిలో రాగిపిండి, ఉప్పుగల్లు వేసుకుంది. అది చూసి కోడి నూకలు వదిలి, "కొక్కొక్కో" అంటూ వచ్చి పక్కన వంగింది.

"ఎక్కడికే?" అన్నాడు ఓబన్న.

"పిలుస్తున్నారు గదా నాయనా" అంది కోడి మెడ మీదికెక్కుతూ.

అడవిలో మళ్ళీ ఆ కేక వినిపించింది. కోడి అటే పరుగు తీసింది.